వట్టి తుపాకి మీట నొక్కవచ్చునా?

ఎన్.సి.సి. కవాతు మైదానములో రెండు తుపాకులు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయనుకోండి. ఒకటి పాతకాలపు పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. రెండవది దాని పోలికతోనే తయారైన పాయింట్ 22 శిక్షణ రైఫిల్. చెక్క అదే, బోల్టు అదే, భుజానికి ఆనించే తీరు అదే. కేడెట్టు మొదటిదానిని ఖాళీగా పట్టుకొని, బోల్టు లాగి మూసి, గురి చూచి, మీట నొక్కుతాడు. టక్కుమంటుంది. హవల్దారు ఏమీ అనడు సరికదా, మళ్ళీ నొక్కమంటాడు. ఆ కుర్రవాడే రెండవదానిమీద అదే పని చేస్తే, "వట్టి తుపాకి పేల్చకు, సూది పాడౌతుంది" అని కసురుకొంటాడు. చూడటానికి రెండూ ఒకటే కదా, ఒకదానికి లేని కీడు రెండవదానికి ఎక్కడనుంచి వచ్చినది?

తూటా లేని తుపాకి మీట నొక్కితే తుపాకి చెడిపోతుందా అనే ఈ ప్రశ్న చిన్నదే గాని, దాని వయస్సు చిన్నది కాదు. చెకుముకిరాతి తుపాకుల కాలమునుంచి సైనికులు దీనిని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్క కాలములో ఒక్కొక్క జవాబు వచ్చినది. విచిత్రమేమంటే ఆ జవాబులన్నీ, వాటివాటి తుపాకులకు, సరియైనవే.

రోటిలో గింజలు వేయకుండా రోకలితో దంచవద్దని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెపుతారు. అశుభమని కొందరు అంటారు గాని, అందులో మంచి భౌతికశాస్త్రము ఉన్నది. రోటిలో వడ్లు ఉన్నప్పుడు రోకలి దెబ్బ వడ్లకు తగులుతుంది. పొట్టు ఊడదీయడములో, గింజను నలపడములో ఆ శక్తి ఖర్చవుతుంది. రోలు ఖాళీగా ఉంటే రోకటి పొన్నూ రాయీ ముఖాముఖి ఢీకొంటాయి. శక్తి మాయము కాదు; అది ఎక్కడో ఒకచోట దిగవలసిందే. పొన్ను వదులౌతుంది, లేదా రాయి పెచ్చులూడుతుంది. విలుకాండ్రకు కూడా ఈ సంగతి తెలుసు. బాణము సంధించకుండా నారిని చివరిదాకా లాగి వదిలితే విల్లు చీలిపోవచ్చు. బాణము తీసుకొనిపోవలసిన శక్తినంతా విల్లే భరించవలసి వస్తుంది. పురాణాలలో వీరులు అల్లెత్రాడు మీటి ధనుష్టంకారము చేసేవారని వింటాము. వారు నారిని మీటి ఊరకొన్నారే గాని, చెవిదాకా లాగి వట్టినే వదలలేదనుకోవాలి!

తుపాకిలోనూ సంగతి ఇంతే. మీట నొక్కకముందు ఒక స్ప్రింగు నొక్కుకొని ఉంటుంది. అది మన పాత గడియారాల కమాను వంటిదే. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి, దానిలోని శక్తి ఒక సుత్తికో సూదికో వేగముగా మారుతుంది. ఆ సుత్తి లేక సూది ఎక్కడ ఆగుతుంది, ఏ వస్తువుమీద ఆగుతుంది అన్నదే అసలు ప్రశ్న. తుపాకి చరిత్రను ఈ ఒక్క కోణమునుంచి చదివితే హవల్దారు మాటకు అర్థము తెలుస్తుంది.

మొదటి కాలపు వత్తి తుపాకులకు ఈ బాధ లేదు. వాటిలో దెబ్బ అనేదే లేదు. మీట నొక్కితే మండుతున్న వత్తి మెల్లగా వంగి చిప్పలోని మందుకు తగులుతుంది. వట్టినే ఎన్నిసార్లు నొక్కినా వంగేది వత్తి మాత్రమే.

17వ శతాబ్దములో చెకుముకిరాతి తుపాకి వచ్చినప్పుడు దెబ్బ మొదలైనది. మన పల్లెలలో తుపాకి గుర్రమని పిలిచే భాగము ఇక్కడ ఒక చెకుముకిరాతిని దవడలమధ్య కరచిపట్టుకొని ఉంటుంది. మీట నొక్కగానే గుర్రము ముందుకు దూకి, రాతిని ఒక ఉక్కు రేకుమీద గీస్తుంది. రేకునుంచి లేచిన నిప్పురవ్వలు చిప్పలోని మందుమీద పడతాయి. ఇందులో తుపాకి నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా గుర్రానికి తేడా తెలియదు. రెండుసార్లూ రాయి రేకునే గీస్తుంది. కాబట్టి వట్టి దెబ్బ వలన ప్రత్యేకమైన హాని లేదు. అరిగేది రాయి. కొన్ని పదుల దెబ్బలకు దాని అంచు మొద్దుబారుతుంది. అప్పుడు దానిని చెక్కాలి, లేదా మార్చాలి. రేకు కూడా కాలక్రమేణ అరుగుతుంది. కవాతులో వందలసార్లు మీట నొక్కవలసిన సిపాయిలు రాతిని వృథా చేయకుండా, దాని స్థానములో ఒక చెక్కముక్కను బిగించేవారు. చెక్క రేకును గీయదు, నిప్పు పుట్టించదు, గుర్రపు దెబ్బను మెత్తగా అందుకొంటుంది. వట్టి దెబ్బకు మనుష్యులు కనిపెట్టిన మొదటి విరుగుడు బహుశా ఈ చెక్కముక్కే కావచ్చు.

అసలు చిక్కు 19వ శతాబ్దములో వచ్చినది. దానికి మూలము రసాయనశాస్త్రము. 1800లో ఎడ్వర్డ్ హోవార్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పాదరసపు ఫల్మినేటును గురించి రాయల్ సొసైటీకి తెలియజేసినాడు. ఈ పదార్థమునకు నిప్పు అంటించనక్కరలేదు. ఒక్క దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది. స్కాట్లండులో బెల్‌హెల్వీ అనే గ్రామములో మతగురువుగా ఉన్న అలెగ్జాండర్ ఫార్సైత్‌కు పక్షుల వేట సరదా. చెకుముకి తుపాకి చిప్పలో మందు భగ్గుమన్న వెలుగు చూచి, గుండు బయలుదేరేలోగా పక్షులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. దెబ్బకు పేలే రసాయనమును తుపాకికి జతచేసి 1807లో ఆయన పేటెంటు పొందినాడు. ఒక వేటగాని విసుగు యుద్ధశాస్త్రమును మార్చివేసినది!

ఫార్సైత్ యంత్రము కొంత చిక్కైనది. దానినుంచి 1820 ప్రాంతములో రాగి టోపీ పుట్టినది. దీనిని మేమే ముందు కనుగొన్నామని చెప్పుకొన్నవారు చాలామంది ఉన్నారు. ఆ తగవు మనకు అక్కరలేదు. చిటికెనవేలి గోరంత ఉండే రాగి టోపీ అడుగున కొద్దిగా ఫల్మినేటు అంటించి ఉంటుంది. దానిని తుపాకి వెనుకభాగములో ఉన్న, నడుమ రంధ్రముగల, ఒక చిన్న ఉక్కు మొలకకు తొడుగుతారు. గుర్రము ఇప్పుడు సుత్తి రూపము ధరించినది. అది టోపీని కొట్టగానే మంట రంధ్రముగుండా లోపలి మందును చేరుతుంది. వానలోనూ పనిచేసే ఈ పద్ధతిని 1840 తరువాత ఐరోపా సైన్యాలు వేగముగా స్వీకరించినాయి.

ఇప్పుడు రోలూ రోకలీ కథ మొదలైనది. టోపీ ఉన్నప్పుడు సుత్తికీ ఉక్కు మొలకకూ మధ్య మెత్తని రాగి పరచి ఉంటుంది. టోపీ లేనప్పుడు ఉక్కును ఉక్కు కొడుతుంది. మొలక చిన్నది, గొట్టము వంటిది, పదును పట్టించినది. మెత్తనిదైతే దాని తల పుట్టగొడుగువలె అణగి పరచుకొంటుంది. అప్పుడు టోపీ సరిగా తొడగదు, లేదా రంధ్రము మూసుకొనిపోతుంది. మరీ గట్టిదైతే అంచు పగులుతుంది. ఏ విధముగా చూచినా యుద్ధములో తుపాకి పేలదు. చెకుముకి కాలములో చెడేది కానీ విలువచేసే రాయి. ఇప్పుడు చెడేది తుపాకిలోని ఒక భాగము.

అయితే సిపాయికి వట్టి దెబ్బ అభ్యాసము మానిపించడానికి వీలులేదు. సరిగ్గా ఆ రోజులలోనే దాని అవసరము పెరిగినది. గొట్టములో మెలికల గాడులు గల రైఫిల్ సామాన్య సైనికుని చేతికి వచ్చినది. పాత తుపాకితో వంద గజాల అవతల గురి అనేదే లేదు. కొత్తదానితో కొన్ని వందల గజాల దూరములో మనిషిని గురిచూడవచ్చు. గురి చూడటము నేర్పడానికి బ్రిటిషు ప్రభుత్వము 1853లో హైత్ అనే సముద్రతీర పట్టణములో ఒక పాఠశాల స్థాపించినది. ఆ సంవత్సరపు నమూనాయే ప్రసిద్ధమైన ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మీట నొక్కేటప్పుడు వేలు అదిరితే గొట్టపు మూతి కదులుతుంది; కదలకుండా నొక్కడము వందలసార్లు చేస్తేగాని రాదు. అన్నిసార్లూ నిజమైన మందు కాల్చితే ఖజానా కాలిపోతుంది. అందుచేత ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు ఒక చిన్న అలంకారము వంటిది చేర్చినారు. మీట చుట్టూ ఉండే లోహపు కమ్మినుంచి ఒక సన్నని గొలుసు, దాని చివర ఉక్కు మొలకకు తొడిగే ఒక బిరడా. సుత్తి పడినప్పుడు దెబ్బను ఆ బిరడా అందుకొంటుంది. వట్టి దెబ్బకు ప్రభుత్వము తానే మందు పంచిపెట్టినదన్నమాట.

ఆ రోజులలో మరొక అభ్యాసము ఉండేది. తుపాకిలో గుండూ మందూ లేకుండా టోపీ మాత్రము తొడిగి, గొట్టపు మూతికి కొద్ది దూరములో ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. గురి నిలకడగా ఉంటే టోపీ పేలినప్పుడు గొట్టముగుండా వచ్చిన గాలి కొవ్వొత్తిని ఆర్పుతుంది. వేలు అదిరితే జ్వాల నవ్వుతూ నిలబడే ఉంటుంది. ఇంతకంటె చౌకైన పరీక్ష మరొకటి ఆలోచించడము కష్టము.

ఈ ఎన్‌ఫీల్డ్ రైఫిలే మన దేశానికీ వచ్చినది. దానిని నేర్పడానికి 1857 ఆరంభములో డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ కేంద్రాలు పెట్టినారు. అక్కడ కాగితపు తూటాకు పూసిన కొవ్వు సంగతీ, దానిమీద చెలరేగిన తిరుగుబాటూ ప్రతి విద్యార్థీ చదివినదే. ఆ కథలో తూటాకు ఉన్న ప్రసిద్ధి గొలుసుకు వ్రేలాడే ఆ చిన్న బిరడాకు లేదు.

ఇంతలో ప్రష్యాలో వేరొక ప్రయోగము జరుగుతున్నది. యోహన్ నికొలౌస్ ఫాన్ డ్రైజే అనే యంత్రకారుడు గొట్టపు మూతినుంచి గాక వెనుకనుంచి తూటా పెట్టే తుపాకిని తయారుచేసినాడు. ప్రష్యా దానిని 1841 నమూనాగా స్వీకరించినది. దానిలో సుత్తి లేదు. ఒక పొడవైన సన్నని సూది ఉన్నది. మీట నొక్కితే సూది కాగితపు తూటా అడుగును చీల్చుకొని, మందునంతా దాటి, గుండు మడమ దగ్గర ఉన్న పేలుడు పదార్థమును పొడుస్తుంది. అంటే పేలే క్షణములో సూది మంటల మధ్యలోనే ఉంటుంది. కాలి, తుప్పుపట్టి, పెళుసుబారి అది విరిగేది. ప్రష్యా సైనికుడు అదనపు సూదులు వెంట ఉంచుకొని, విరిగినదానిని తీసి కొత్తది పెట్టుకొనేవాడు. 1866లో కోనిగ్‌గ్రాట్జ్ యుద్ధములో ఈ సూది తుపాకులు ఆస్ట్రియా సైన్యమును నివ్వెరపరచినాయి. వట్టి దెబ్బ గురించి ఆందోళనపడేవారికి ఈ తుపాకి ఒక పాఠము: దీనిలో సూదికి అసలు శత్రువు ఖాళీ దెబ్బ కాదు, నిండు దెబ్బే.

ఇక పాయింట్ 22 సంగతి. 1845లో పారిస్ నగరపు తుపాకుల నిపుణుడు ఫ్లోబేర్ ఒక రాగి టోపీని కొద్దిగా పెంచి, దాని మూతిలో చిన్న గుండు బిగించి, ఇంటిలోనే గురి నేర్చుకోవడానికి పనికివచ్చే తూటాను తయారుచేసినాడు. 1857లో అమెరికాలో స్మిత్, వెస్సన్ అనే భాగస్వాములు దానిని మెరుగుపరచి తమ చిన్న రివాల్వరుకు వాడినారు. ఈనాటి పాయింట్ 22 తూటా దాని సంతతిదే. దీని రహస్యము అంచులో ఉన్నది. ఇత్తడి గుల్ల అడుగున చుట్టూ ఒక బోలు అంచు ఉంటుంది. పేలుడు పదార్థము ఆ బోలులో ఉంటుంది. సూది నడుమ కొట్టదు, అంచును కొడుతుంది. తూటా కూర్చునే గది అంచుకూ సూదికీ మధ్య ఇత్తడి నలిగి, మందు పేలుతుంది. గది అంచే ఇక్కడ దాగలి, సూదియే సుత్తి.

తూటా తీసివేయండి. దాగలికీ సుత్తికీ మధ్య ఏమీ మిగలదు. సూది నేరుగా గొట్టపు ఉక్కు అంచుమీద పడుతుంది. పదేపదే పడితే రెండింటిలో మెత్తనిది ఓడిపోతుంది. గొట్టము మెత్తనిదైతే అంచుమీద చిన్న గుంట పడి, దాని పక్కన లోహము గదిలోకి పొంగుతుంది. ఆ పొంగువలన తూటా లోపలికి దూరదు, దూరినా పేలిన గుల్ల బయటికి రాదు. గుంట పడినచోట ఇత్తడికి ఆధారము తగ్గి, కొన్ని తూటాలు పేలవు. సూది మెత్తనిదైతే దాని మొన మొద్దుబారుతుంది. హవల్దారు కసరడానికి కారణము ఇదే. ఇప్పటి నిపుణులు చాలామంది సూది గది అంచును తాకకముందే ఆగేటట్లు ఒక అడ్డును పెడుతున్నారు. అట్టి తుపాకికి వట్టి దెబ్బ వలన ఈ రకము హాని రాదు. కాని పాతదానికీ కొత్తదానికీ తేడా పైకి కనిపించదు. తయారుచేసినవారి సూచనల పుస్తకమే చెప్పాలి.

పెద్ద తుపాకులు మరొక దారి పట్టినాయి. 1866లో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డన్ వేరువేరుగా, తూటా అడుగున నడిమధ్యలో ప్రైమర్ అనే చిన్న లోహపు గిన్నె అమర్చే పద్ధతిని రూపొందించినారు. తమాషా ఏమంటే ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో నిలిచినది, అమెరికావాని పద్ధతి ఐరోపాలో వ్యాపించినది! రెండింటిలోనూ సూది బోల్టు ముఖములోని రంధ్రముగుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రము బయటికి వచ్చి ప్రైమరును పొడుస్తుంది. తూటా లేకపోతే సూది మొనకు ఎదురుగా ఉన్నది ఖాళీ స్థలమే. గొట్టము వెడల్పు మొన కంటె ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి మొనకు దెబ్బ లేదు.

మొన తప్పించుకొన్నది సరే, శక్తి ఎక్కడ దిగినది? సూదికి ఒక భుజము వంటి మెట్టు ఉంటుంది. బోల్టు లోపల దానికి ఎదురుగా మరొక మెట్టు ఉంటుంది. ఖాళీ తుపాకిలో ఈ రెండూ ఢీకొని సూది ఆగుతుంది.

ఎంత బలముతో? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. లెక్కకోసము సూదీ దానితో కదిలే భాగాలూ కలిసి 60 గ్రాములనీ, వేగము సెకనుకు 5 మీటర్లనీ అనుకొందాము. చలనశక్తి, ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముతో గుణిస్తే, 0.75 జౌలు. ఇది ఏమంత గొప్పది కాదు. 100 గ్రాముల రాయి ముప్పాతిక మీటరు ఎత్తునుంచి పడితే వచ్చే శక్తి. అయితే ఆగడానికి దొరికిన దూరమును బట్టి బలము మారుతుంది. ప్రైమరు మెత్తగా లొంగి అర మిల్లీమీటరు గుంట పడేలోగా సూది ఆగితే, సగటు బలము 0.75ను 0.0005తో భాగించగా 1500 న్యూటన్లు. అంటే దాదాపు 150 కిలోల బరువు. అదే సూది గట్టి ఉక్కు మెట్టుకు తగిలి మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు దూరములో ఆగితే, బలము 15,000 న్యూటన్లు, పదిరెట్లు! ఎత్తునుంచి దూకేవాడు ఇసుకలో దూకితే లేచి నడుస్తాడు, బండమీద దూకితే కాలు విరుగుతుంది. ఎత్తు ఒకటే.

నిజమైన తుపాకిలో లెక్క ఇంత శుభ్రముగా ఉండదు. ప్రైమరు శక్తినంతా తీసుకోకపోవచ్చు. మిగిలినది మెట్టుకే పోవచ్చు. తూటా పేలినప్పుడు పుట్టే వాయుపీడనము కూడా ప్రైమరుద్వారా సూదిని వెనుకకు నెడుతుంది. అయినా తేడా ఏవైపు ఉన్నదో లెక్క చెపుతున్నది. లీ-ఎన్‌ఫీల్డ్ వంటి సైనిక రైఫిలులో ఈ భాగాలను లావుగా, ఈ దెబ్బను ఓర్చుకొనేటట్లు తయారుచేసినారు. 1895లో బ్రిటిషు సైన్యము ఆ రైఫిలును స్వీకరించినది. మన దేశములో బెంగాలులోని ఈషాపూర్ ఫ్యాక్టరీ దానిని దశాబ్దాలపాటు తయారుచేసినది. నిమిషానికి 15 తూటాలు గురితో కాల్చగలగాలని సిపాయిని సాధన చేయించేవారు. ఆ నైపుణ్యములో పెద్దభాగము ఖాళీ రైఫిలుమీద బోల్టు లాగి మీట నొక్కే అభ్యాసమునుంచే వచ్చినది. వేటకు వాడే జంటగొట్టాల తుపాకులు ఇంత మోటువి కావు. వాటి సూదులు పొట్టివి, సున్నితమైనవి, ఒక్కొక్కప్పుడు మరీ గట్టి పదును పట్టించినవి. అందుకే ఇంగ్లండులో మంచి వేటతుపాకి కొన్నవానికి పెట్టెలో తుపాకితోపాటు రెండు ఉత్తుత్తి తూటాలు కూడా ఇచ్చే ఆచారము వచ్చినది. వాటిలో మందు ఉండదు. ప్రైమరు స్థానములో స్ప్రింగుమీద నిలిచిన ఒక దిండు ఉంటుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక అభ్యంతరము చెప్పవచ్చు. సూది మొదటి దెబ్బకు విరగలేదు, వందవ దెబ్బకు విరగలేదు. దెబ్బలన్నీ సమానమే. మరి పదివేలవ దెబ్బకు ఎందుకు విరగాలి? ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు తుపాకుల నిపుణులనుంచి రాలేదు. గనులనుంచీ రైళ్ళనుంచీ వచ్చినది.

జర్మనీలోని హార్ట్జ్ పర్వతాలలో వెండిగనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1829లో ఒక యంత్రము కట్టించినాడు. గనిలోనుంచి బరువులు తోడే ఇనుప గొలుసులు ఏ కారణమూ కనిపించకుండా తెగుతున్నాయి. ఆయన గొలుసుకు ఒకే బరువును మళ్ళీమళ్ళీ, దాదాపు లక్షసార్లు, తగిలించి పరీక్షించినాడు. ఒకసారి హాయిగా మోసిన బరువునే గొలుసు వేలసార్ల తరువాత మోయలేకపోవడము ఆయన చూచినాడు. గొలుసులను నమ్మక, కొన్నేళ్ళకు ఆయనే ఇనుపతీగెల మోకును కల్పించినాడు.

లోకము మేలుకొన్నది మాత్రము ఒక ఘోరముతో. 1842 మే 8న వెర్సేల్స్‌లో ఉత్సవము చూచి పారిస్‌కు తిరిగి వస్తున్న రైలు ఇంజను ఇరుసు హఠాత్తుగా విరిగినది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, ఇంజను నిప్పు అంటుకొని, 50 మందికి పైగా కాలిపోయినారు. దక్షిణ ధ్రువ సముద్రాలను శోధించి క్షేమముగా తిరిగివచ్చిన నావికుడు ద్యుమాన్ ద్యుర్విల్ భార్యాపుత్రులతో సహా ఆ మంటలలోనే మరణించినాడు. మరుసటి సంవత్సరము రాంకిన్ అనే యువ ఇంజనీరు విరిగిన ఇరుసులను పరీక్షించి ఒక వ్యాసము చదివినాడు. అప్పటికి రాంకిన్‌కు ఇంకా పాతికేళ్ళు నిండలేదు. ఇనుము కుదుపులవలన స్వభావము మారి స్ఫటికములై పెళుసెక్కుతుందని ఆనాటివారు చాలామంది నమ్మినారు. రాంకిన్ చూచినది వేరు. ఇరుసు లావు తగ్గి మెట్టు ఏర్పడేచోట, ఆ పదునైన మూలలో, ఒక బీటిక మొదలై చుట్టూరా కొద్దికొద్దిగా లోపలికి పాకినది. లోపల మిగిలిన కండ బరువు మోయలేనంత సన్నబడిన రోజున ఇరుసు ఒక్కసారిగా తెగినది. మెట్టును పదునుగా కోయక గుండ్రముగా ఒంపు తిప్పమని ఆయన సలహా.

దీనిని సంఖ్యలలోనికి దించినవాడు జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 1850 తరువాత ఇరవైయేళ్ళు ఆయన ఇరుసు ముక్కలను యంత్రాలలో లక్షలసార్లు తిప్పి వంచినాడు. బరువు తగ్గినకొద్దీ లోహము ఎక్కువసార్లు ఓర్చుతుంది; ఉక్కు విషయములో ఒక హద్దుకు తగ్గించితే ఎన్నిసార్లు వంచినా విరగదు. లోహములకు అలసట అనే మాట అప్పటికే ఇంజనీర్లలో ఉన్నది. అలసట అని పేరేగాని, విశ్రాంతి ఇస్తే తీరేది కాదది. 1903లో కేంబ్రిడ్జిలో యూయింగ్, హంఫ్రీ అనేవారు సూక్ష్మదర్శినికింద దాని పుట్టుకను చూచినారు. ఇనుము మొదటినుంచీ స్ఫటికాల సముదాయమే. మళ్ళీమళ్ళీ వంచినప్పుడు కొన్ని స్ఫటికాలలో పొరలు పేకముక్కలవలె ఒకదానిమీద ఒకటి జారి సన్నని గీతలు పడతాయి. గీతలు వెడల్పై బీటికలౌతాయి. స్ఫటికములై పెళుసెక్కినదన్న పాత నమ్మకము అంతటితో పోవలసినది. ఇప్పటికీ కొన్ని కర్మాగారాలలో పెద్ద మేస్త్రీల నోట వినబడుతూనే ఉంటుంది.

తుపాకి సూదిని ఇప్పుడు చేతిలోకి తీసుకొని చూడండి. సన్నని కాడ, లావైన ఒళ్ళు, నడుమ ఒక మెట్టు. రాంకిన్ ఇరుసుకు ఇది చిన్న తమ్ముడు. మెట్టు మూలలో పనివాని ఆకురాయి ఒక గీత విడిచిందంటే బీటికకు ఇల్లు దొరికినట్లే. ఖాళీ దెబ్బలో ఆ మూలమీద పడే బలము వోలర్ హద్దుకు లోపల ఉంటే, ఆ తుపాకిని తరతరాలు కొట్టినా సూది నిలుస్తుంది. హద్దు దాటితే ప్రతి దెబ్బా బీటికను కొంచెము పెంచుతుంది. పైకి ఏమీ కనిపించదు. అందుకే ఒకరు "ముప్పైయేళ్ళుగా వట్టినే నొక్కుతున్నాను, ఏమీ కాలేదు" అంటారు. మరొకరు "నెలరోజులకే సూది విరిగినది" అంటారు. ఇద్దరూ అబద్ధమాడటము లేదు. వారి సూదుల మూలలు వేరు.

విరగడము అనుకూలమైన చోట జరుగుతుందనే నమ్మకము కూడా లేదు. మొన తెగితే తుపాకి పేలకుండా ఊరకుంటుంది, అంతే. తెగిన ముక్క మొన బయటికి వచ్చినట్లుగా ఇరుక్కొంటే, కొన్ని రకాల తుపాకులలో బోల్టు మూయగానే మీట నొక్కకుండానే తూటా పేలవచ్చు.

లోహానికి సంబంధించని హాని మరొకటి ఉన్నది, అది అన్నిటికంటె పెద్దది. వట్టి దెబ్బ అభ్యాసములో వట్టిది అనుకొన్న తుపాకి వట్టిది కాకపోవడము. తూటాలపెట్టె తీసివేసినంతమాత్రాన గదిలోని తూటా పోదు. అందుచేత శిక్షణలో బోల్టు తెరచి, కంటితో చూచి, వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టిన తరువాతనే మీటమీద వేలు పెట్టనిస్తారు. అప్పుడు కూడా గొట్టమును మనిషివైపు తిప్పనివ్వరు. ఈ నియమము తుపాకి బాగుకోసము పెట్టినది కాదు.

మైదానములోని రెండు రైఫిళ్ళ దగ్గరకు తిరిగి వద్దాము. పాయింట్ 303లో సూది మొనకు ఎదురు ఖాళీ, దెబ్బ పడేది లావైన మెట్టుమీద. పాయింట్ 22లో మొనకు ఎదురు గొట్టపు అంచు. రెండవదానితో సాధన చేయదలచినవారికి పాతకాలపు చెక్కముక్క వంటి ఉపాయము ఇప్పటికీ ఉన్నది. ప్లాస్టిక్ ఉత్తుత్తి తూటాలు దొరుకుతాయి. అవి లేనిచోట పేలిన తూటా గుల్లనే గదిలో తిరిగి పెడతారు. సూది ఇదివరకు కొట్టిన గుంట ఉన్నవైపు కాక, అంచు మొక్కవోనివైపు సూదికింద ఉండేటట్లు గుల్లను కొంచెము తిప్పి పెట్టాలి. ప్రతి దెబ్బకూ ఇంకొంచెము తిప్పుతూ పోతారు. అంచు చుట్టూ గుంటలు నిండిపోయిన తరువాత ఆ గుల్లను పారవేసి, మరొకటి తీసుకొంటారు.